పేక కట్టను చెత్తబుట్టలో వేసే ముందు



మీ అబ్బాయి స్కూల్ బ్యాగులోనో, అమ్మాయి దిండు కిందనో ఒక పేక కట్ట కనబడిందనుకోండి. ఏం చేస్తారు? మనలో చాలామంది చేసేది ఒకటే. "ఇదెక్కడిది?" అని గద్దిస్తాం. జవాబు వినకముందే లాక్కుంటాం. ఆ తర్వాత అది బీరువా పైకో, చెత్తబుట్టలోకో పోతుంది.

కిందటేడాది నవంబరులో నేనూ అదే చేశాను. సాయంత్రం స్టడీ అవర్‌లో వెనక బెంచీ నుంచి ముక్కలు కింద పడుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే ఎనిమిదో తరగతి అబ్బాయి, ఒళ్ళో కట్ట. ఒక్క మాట అడగకుండా తీసుకుని స్టాఫ్‌రూమ్ అలమరాలో పెట్టి తాళం వేశాను. ఇంటికి ఫోన్ చేశాను. వాళ్ళ నాన్నగారు నాకన్నా ఎక్కువ కంగారుపడ్డారు. "మా ఇంటా వంటా లేదు సార్ ఈ అలవాటు" అన్నారు.

మీకు దాచడమెందుకు, మా ఇంట్లో ఆ అలవాటు ఉండేది. మా నాన్న సంక్రాంతికి మొదలుపెట్టిన ఆట ఉగాది దాటినా ఆపేవాడు కాదు. ఓ ఏడాది ఎకరం పొలం అలా పోయింది. మా అమ్మ ఒకరోజు కట్టను కట్టెల పొయ్యిలో వేసింది. ఆ కాలిన వాసన నాకింకా గుర్తే. అందుకే పేక కనబడగానే నా చెయ్యి నన్ను అడక్కుండానే ముందుకు వెళ్ళింది. ఆ అబ్బాయి ఏం చేస్తున్నాడో అడగాలని కూడా తోచలేదు.

ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న

మర్నాడు ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఏడుస్తాడేమో, బతిమాలుతాడేమో అనుకున్నాను. అతను కుడిచెయ్యి చాపి, "సార్, ఒంటి చేత్తో కట్ చేస్తుంటే నా ఉంగరపు వేలు వణుకుతోంది. వేళ్ళకి బలం రావడానికి ఏమైనా ఎక్సర్‌సైజులున్నాయా? పీఈటీ సార్‌ని అడిగితే స్మైలీ బాల్ నొక్కమన్నారు. నెలరోజులు నొక్కాను. ఏం తేడా లేదు" అన్నాడు.

ఆటాడటం లేదు. డబ్బుల ఊసే లేదు. ముక్కలతో మ్యాజిక్ నేర్చుకుంటున్నాడు. చెల్లెలి పుట్టినరోజుకి చేసి చూపించాలట. నేను లెక్కల మాస్టారిని, అతను అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. కట్ట తిరిగి ఇచ్చేశాను. స్కూల్లోకి తేవద్దన్నాను. జవాబు వెతికి చెబుతానని మాటిచ్చాను.

వెతకడానికి నేనూ ఒక కట్ట కొనుక్కోవాల్సి వచ్చింది. ఇప్పటికి పదకొండు నెలలైంది. నేర్చుకున్నది మీతో పంచుకుంటాను. ఒక విషయం ముందే చెబుతున్నాను. దీనివల్ల మీ పిల్లలకు మార్కులు పెరుగుతాయని నేను అనను. ఈ పత్రికలో మార్కుల గురించి రాయడానికి వేరే పేజీలున్నాయి.

వేళ్ళలో కండ ఉండదు

నాకు మొట్టమొదట ఆశ్చర్యం కలిగించింది ఇదే. వేళ్ళను కదిపే కండరాలు వేళ్ళలో ఉండవు. కొన్ని అరచేతిలో, మిగతావి మోచేతికీ మణికట్టుకీ మధ్య ముంజేతిలో ఉంటాయి. అక్కణ్నుంచి టెండన్లు అనే గట్టి తాళ్ళు వేళ్ళదాకా వెళతాయి. తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషి పుల్ల కదిపితే తెర మీద బొమ్మ చెయ్యి ఊపినట్టు, ముంజేయి లాగితే వేలు ముడుచుకుంటుంది. నమ్మకం కలగకపోతే ఇప్పుడే ఒక చేత్తో రెండో ముంజేతిని పట్టుకుని, ఆ చేతి వేళ్ళు ఆడించి చూడండి. చర్మం కింద కదలిక తెలుస్తుంది.

ఇంకో పరీక్ష. అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టండి. మధ్య వేలిని మాత్రం లోపలికి మడిచి, మిగతా వేళ్ళు బల్లకు ఆనించి ఉంచండి. ఇప్పుడు బొటనవేలు ఎత్తండి, లేస్తుంది. చూపుడు వేలు, చిటికెన వేలు కూడా లేస్తాయి. ఉంగరపు వేలు ఎత్తండి. జిగురు పెట్టి అంటించినట్టు ఉంటుంది కదా?

కారణం బలహీనత కాదు. మధ్య వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు ఎత్తే టెండన్లను చేతి వెనక భాగంలో చిన్న అడ్డపట్టీలు కలిపి ఉంచుతాయి. చూపుడు వేలికీ చిటికెన వేలికీ ఎత్తడానికి సొంత కండరం అదనంగా ఉంది. ఉంగరపు వేలికి లేదు. అంటే ఆ అబ్బాయి వేలిలో లోపమేమీ లేదు. మీకూ అంతే, నాకూ అంతే. సాధనతో ఆ వేలి అదుపు కొంత మెరుగవుతుంది. అయితే అది చూపుడు వేలంత స్వేచ్ఛగా ఎప్పటికీ ఆడదు. వాయిద్యాలు వాయించేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు.

కావలసింది బలం కాదు

ఇక రెండో సంగతి. పేక కట్ట బరువు వంద గ్రాములు కూడా ఉండదు. మీ పిల్లలు రోజూ మోసుకొచ్చే లీటరు నీళ్ళ సీసా దానికి పది రెట్లు. కాబట్టి ముక్కలతో మ్యాజిక్‌కు పహిల్వాన్ పట్టు అక్కర్లేదు. గట్టిగా పట్టుకునే చెయ్యే అసలు సమస్య. పట్టు బిగిసేకొద్దీ ముక్కలు వంగుతాయి, వేళ్ళు వణుకుతాయి, పని చెడుతుంది.

మన కుర్రాడి విషయంలోనూ జరిగింది అదే. అతని అరచెయ్యి చిన్నది. మొత్తం 52 ముక్కల కట్ట దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల మందం ఉంటుంది. దాన్ని జారిపోకుండా పట్టుకోవాలనే భయంతో వేళ్ళు బిగపట్టాడు. ఆ బిగువే వణుకైంది. సగం కట్ట, అంటే 26 ముక్కలే ఇచ్చి, మెత్తగా పట్టుకోమన్నాను. వారం తిరక్కుండా వణుకు తగ్గింది. నెలరోజుల స్మైలీ బాల్ చేయలేనిది ఇరవయ్యారు ముక్కలు తగ్గిస్తే అయిపోయింది.

అర్జెంటీనాలో రెనే లావండ్ అనే ఇంద్రజాలికుడు ఉండేవాడు. 1928లో పుట్టి, 2015లో చనిపోయాడు. తొమ్మిదేళ్ళ వయసులో ప్రమాదంలో కుడిచెయ్యి పోయింది. మిగిలిన ఎడమచేత్తోనే ముక్కలు కలిపి, కోసి, పంచి ప్రపంచమంతా ప్రదర్శనలిచ్చాడు. అదీ వేగంతో కాదు. ఎంత నెమ్మదిగా చేస్తే ప్రేక్షకులకు అంత ఆశ్చర్యమని నమ్మి, నింపాదిగా చేసేవాడు. మీ పిల్లలు "నా చేతులు చిన్నవి, నాకు రాదు" అంటే ఆయన వీడియో ఒకటి పక్కన కూర్చుని చూపించండి.

బలం మీద మోజు ప్రమాదం కూడా. జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ కుర్రతనంలో గొప్ప పియానిస్టు కావాలనుకున్నాడు. వేళ్ళ సాధన కోసం ఒక యంత్రం కూడా వాడాడు. చివరికి కుడిచేతి వేలు దెబ్బతిని వాయించే ఆశ వదులుకుని, స్వరాలు రాయడంలో స్థిరపడ్డాడు. ఆ యంత్రమే కారణమా, మరో జబ్బా అన్న వాదం ఇప్పటికీ ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మే స్ప్రింగు గ్రిప్పర్లు, వేలు వేలుకీ మీట ఉన్న పరికరాలు కొనబోయే తండ్రులు ఆ వాదం తేలేదాకా ఆగినా నష్టం లేదు. ఎదిగే పిల్లల చేతులకు అవి అక్కర్లేదు.

రోజుకు పది నిమిషాలు

మరి ఏం చేయాలి? నేను చేసినవి, ఆ అబ్బాయి చేత చేయించినవి చెబుతాను. అన్నీ కలిపి పది నిమిషాలు. ఒక్కసారి కుదరకపోతే పొద్దున ఐదు, సాయంత్రం ఐదు. ఆదివారం గంటన్నర కూర్చోవడం కన్నా రోజూ పది నిమిషాలు మేలు.

మొదట చేతులు వెచ్చబరచడం. రెండు చేతులూ రుద్దుకోవాలి. చలికాలమైతే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచవచ్చు. పిడికిలి మెల్లగా మూసి, వేళ్ళు పూర్తిగా చాపి పదిసార్లు. మణికట్టు అటు ఐదుసార్లు, ఇటు ఐదుసార్లు తిప్పాలి.

రెండోది వేలెత్తడం. అరచెయ్యి బల్ల మీద బోర్లా ఉంచి, అన్ని వేళ్ళూ చాపి, ఒక్కొక్క వేలినీ విడిగా ఎత్తి దించడం. ఉంగరపు వేలు కొంచెమే లేస్తుంది, లేచినంతే చాలు. రెండో చేత్తో పట్టి లాగకూడదు.

మూడోది రబ్బరు బ్యాండు. ఐదు వేళ్ళ కొసలూ ఒకచోట చేర్చి, చుట్టూ వదులు బ్యాండు వేసి, పువ్వు విచ్చినట్టు వేళ్ళు మెల్లగా విప్పి మళ్ళీ మూయాలి. పది పన్నెండు సార్లు. మన చేతులు రోజంతా మూసే పనే చేస్తాయి. పెన్ను, ఫోను, బ్యాగు, స్కూటీ హ్యాండిల్, అన్నీ పట్టుకునే పనులే. విప్పే కండరాలకు పని తక్కువ. ముక్కలను విసనకర్రలా పరవాలంటే ఈ విప్పే కండరాలే కావాలి.

నాలుగోది పాత పేపరు. మీ ఇంటికి వచ్చే దినపత్రికలో ఒక షీటు బల్ల మీద పరిచి, ఒక మూల నుంచి ఒంటి చేత్తో నలుపుతూ మొత్తం ఉండగా చేయాలి. రెండో చెయ్యి సాయం లేదు, ఒంటికి ఆనించడం లేదు. చేతికి ఒక్క షీటు చాలు. ముంజెయ్యి ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది. పేపరు బదులు చపాతీ పిండి ముద్ద అయినా ఇదే పని. దానివల్ల వంటింట్లో కూడా కాస్త సాయం.

ఐదోది నాణెం నడక. పిడికిలి వదులుగా మూసి, వేళ్ళ కణుపుల మీదుగా నాణేన్ని ఒక వేలి సందులోంచి పక్క వేలి సందులోకి దొర్లించడం. పది రూపాయల బిళ్ళ దీనికి బాగుంటుంది, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్ళ చిన్నది, జారిపోతుంది. మొదటి వారమంతా బిళ్ళ మంచం కిందే ఉంటుంది. కంగారు పడకండి.

ఆరోది అసలు కట్ట. ఎడమచేతిలో కట్టను ఆనించి, చూపుడు వేలు ముందు అంచున, మిగతా మూడు వేళ్ళు పక్క అంచున ఉంచి, బొటనవేలితో పై ముక్కను ఒక్కదాన్నే పక్కకు నెట్టాలి. కుడిచేత్తో తీసి బల్ల మీద పెట్టాలి. 52 ముక్కలూ ఇలా ఒక్కొక్కటిగా రావాలి. రెండు కలిసి వచ్చిన ప్రతిసారీ లెక్క రాసుకోవాలి. నాకు మొదటి రోజు పదకొండు జంటలు వచ్చాయి. నెల తర్వాత రెండు. మెరుగైందో లేదో ఆ అంకె చెబుతుంది, ఎవరి మెప్పూ అక్కర్లేదు.

ఏడోది ఒంటి చేతి కట్. దీన్ని షార్లియే కట్ అంటారు. సగం కట్టతోనే మొదలుపెట్టాలి. ముక్కలను అరచేతికి పైన ఎత్తుగా, వేళ్ళ కొసలతో పట్టుకోవాలి. ఒక పొడుగు అంచున బొటనవేలు, ఎదుటి అంచున మధ్య వేలు, ఉంగరపు వేలు. చూపుడు వేలు మడిచి కట్ట కిందికి పోవాలి. చిటికెన వేలు మన వైపు చివర ఆసరా. బొటనవేలు కొద్దిగా సడలిస్తే కింది భాగం అరచేతిలోకి వాలుతుంది. చూపుడు వేలితో ఆ భాగం అంచును బొటనవేలి వైపు పైకి నెట్టాలి. అది పై భాగం అంచును దాటగానే పై భాగం దాని కిందికి జారుతుంది. వేళ్ళు మెల్లగా మూస్తే రెండూ కలుస్తాయి. కింద ఉన్నది పైకి వచ్చింది, కట్ట కోసినట్టే. ఇందులో ఉంగరపు వేలు విడిగా లేవాల్సిన అవసరమే లేదు, పక్కన మెత్తగా ఆనుకుని ఉంటే చాలు.

చివరగా రెండు చిట్కాలు. ఇదంతా మంచం ముందు నిలబడి, దుప్పటి మీద చేయమనండి. ముక్కలు పడతాయి, తప్పదు. నేల మీద పడితే ప్రతిసారీ నడుం వంచాలి, సగం ఓపిక అక్కడే పోతుంది. రెండోది, కట్ట సైజు. ముక్కలు రెండు వెడల్పుల్లో దొరుకుతాయి. పోకర్ సైజు 63 మిల్లీమీటర్ల పైన, బ్రిడ్జ్ సైజు 57. ఆ ఆరు మిల్లీమీటర్లు మనకు లెక్కలోకి రావు, ఆరో తరగతి అమ్మాయి చేతికి చాలా తేడా.

నొప్పి వస్తే ఆపడమే

ఇక్కడ మాత్రం మీరు కాస్త గట్టిగా ఉండాలి. అలసట వేరు, నొప్పి వేరు. అలసట కాసేపటికి పోతుంది. మణికట్టులో పోటు, వేళ్ళలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోవడం, ఇవి ఉంటే ఆ రోజుకి కట్ట డబ్బాలో పెట్టించండి. రెండు మూడు రోజులు విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. కండరం కన్నా టెండను నెమ్మదిగా గట్టిపడుతుంది. పిల్లల ఉత్సాహానికి ఆ సంగతి తెలియదు.

పరీక్షల రోజుల్లో ఈ సాధన తగ్గించమనండి. మూడు గంటల పేపరు రాసిన చేతికి మళ్ళీ పని చెప్పకూడదు. పెన్ను పట్టు గురించి కూడా ఒక మాట. ఇన్విజిలేషన్‌లో చూస్తుంటాను, రెండో గంట దాటాక పిల్లలు పెన్ను కింద పెట్టి చెయ్యి విదిలించుకుంటారు. చాలామంది పెన్నును పీక నొక్కినట్టు పట్టుకుంటారు. కట్టను మెత్తగా పట్టుకోవడం నేర్చుకున్నాక నా పెన్ను పట్టు కూడా వదులైంది. ఇది నా ఒక్కడి అనుభవం, హామీ కాదు.

జూదం మాటేమిటి?

మీ మనసులో మొదటి నుంచీ ఉన్న ప్రశ్న ఇదేనని తెలుసు. నాకూ ఉంది. మా ఎకరం పొలం తిన్నది ఈ ముక్కలే కదా?

నిజాయితీగా ఆలోచిస్తే, తిన్నది ముక్కలు కాదు, పందెం. ఇవాళ ఆ పందానికి కట్ట కూడా అక్కర్లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద చట్టం చేసింది. ఇన్ని చట్టాలు ఎందుకు అవసరమయ్యాయో ఒక్కసారి ఆలోచించండి. ఫోనులో పందెం ఆడటానికి చేతిలో ఏ నేర్పూ అక్కర్లేదు. ఒక్క బొటనవేలు చాలు. బీరువా పైన దాచిన కట్ట కన్నా, మనం మన చేత్తో కొనిచ్చిన ఫోను గురించి ఎక్కువ భయపడాలి.

అలాగని కట్టను కళ్ళు మూసుకుని ఇవ్వమనడం లేదు. మా క్లాసులో ఆ అబ్బాయికి మూడు షరతులు పెట్టాను. ఒకటి, డబ్బు గానీ, చాక్లెట్ గానీ, పెన్ను గానీ, ఏ పందెమూ ఉండకూడదు. రెండు, నేర్చుకున్న చేతివాటం ఆటలో వాడకూడదు. చూసేవాళ్ళకు ఇది మ్యాజిక్ అని ముందే తెలియాలి. తెలిసి మోసపోతే వినోదం, తెలియక మోసపోతే దొంగతనం. మూడు, సాధన ఇంట్లో, అందరూ తిరిగే గదిలో. తలుపు వేసుకుని చేయాల్సిన పని కాదిది. ఈ మూడు మాటలు చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. నాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో కట్ట అయితే నడిరేయి దాకా ఆడాలి, లేకపోతే పొయ్యిలో పడాలి. మధ్యలో ఇంకో దారి ఉందని ఎవరికీ తెలియదు.

ఆ దారిలో నడిచినవాళ్ళున్నారు. మన హైదరాబాద్‌లో బి.వి. పట్టాభిరామ్ గారు ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకున్నారు. మనస్తత్వ నిపుణుడిగా, వ్యక్తిత్వ వికాస రచయితగా మనలో చాలామందికి ఆయన పుస్తకాలు తెలుసు. అమెరికాలో పెర్సీ డయాకోనిస్ పద్నాలుగేళ్ళకే ఇల్లు వదిలి డై వెర్నన్ అనే ఇంద్రజాలికుడి వెంట తిరిగాడు. తర్వాత గణితం చదివి స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. కట్టను రెండు భాగాలు చేసి, అంచులు ఒకదానిలోకి ఒకటి వదులుతూ కలిపే పద్ధతిలో 52 ముక్కలు బాగా కలవాలంటే సుమారు ఏడుసార్లు కలపాలని 1992లో డేవ్ బేయర్‌తో కలిసి నిరూపించాడు. మీ పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళాలని నా ఉద్దేశం కాదండోయ్! పేక పట్టిన ప్రతి చెయ్యీ ఒకే దారిన పోదని చెప్పడమే.

లెక్కల మాస్టారిని కదా, ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కట్టను సరిగ్గా 26, 26గా విడదీసి, ఒకటి విడిచి ఒకటి పడేలా, పై ముక్క పైనే, అడుగు ముక్క అడుగునే ఉండేలా ఎనిమిదిసార్లు కలిపితే కట్ట మళ్ళీ మొదటి వరుసకే వస్తుంది. ఎందుకంటే ప్రతి కలపడంలోనూ ముక్క స్థానం రెండింతలవుతుంది, 51 దాటితే మిగిలిన శేషమే దాని కొత్త స్థానం. రెండును ఎనిమిదిసార్లు గుణిస్తే 256. దాన్ని 51తో భాగిస్తే శేషం 1. తొమ్మిది, పది తరగతుల పిల్లలుంటే ఆదివారం బల్ల మీద చేయించి చూడండి. చేతులతో అంత కచ్చితంగా కలపడం కష్టం, ఒక్కొక్కటిగా పేర్చినా లెక్క మారదు.

మీకు నా మనవి

నా అభిప్రాయం ఒక్క ముక్కలో ఇది. మన పిల్లల చేతులకు సొంతంగా నేర్చుకునే పని ఒకటైనా ఉండాలి. అమ్మమ్మల కాలంలో అచ్చనగాయలు, ముగ్గు, పూలదండ, చేటలో బియ్యం చెరగడం ఆ పని చూసుకున్నాయి. గోళీ కొట్టే చూపుడు వేలికి ఎవరూ ఎక్సర్‌సైజు చెప్పలేదు. ఇప్పుడు ఉదయం ఏడున్నరకు బస్సెక్కి, సాయంత్రం దిగి, హోంవర్క్ చేసి పడుకునే పిల్లల చేతులకు పెన్ను, స్క్రీను తప్ప మూడోది లేదు. అందులో మా స్కూళ్ళ బాధ్యతా ఉంది. ఫీజు కట్టే మీకు ఆ మాట అడిగే హక్కుంది.

మీ ఇంట్లో ఆ మూడోది వీణ కావచ్చు, మృదంగం కావచ్చు, కుట్టుపని కావచ్చు. మీ పిల్లలు పేక ముక్కలు ఎంచుకుంటే భయపడకండి. అయితే దయచేసి దాన్ని ఇంకో కోచింగ్‌గా మార్చకండి. లెవెల్ వన్, లెవెల్ టూ, సర్టిఫికెట్, వాట్సాప్ గ్రూపు వద్దు. "ఎంతవరకు వచ్చింది?" అని రోజూ అడగకండి. చూపిస్తానని వాళ్ళే వచ్చినప్పుడు మాత్రం ఫోను పక్కన పెట్టి చూడండి. కిటుకు తెలిసిపోయినా "తెలిసిపోయింది" అని అనకండి.

మా స్టాఫ్‌రూమ్‌లోనే నాతో ఏకీభవించనివాళ్ళు ఉన్నారు. స్కూల్లో పేక తేకూడదన్న నియమం అలాగే ఉంది, అలాగే ఉండాలని నేనూ అంటాను. బడిలో కట్ట తిరగడం మొదలైతే ఎవరు మ్యాజిక్ చేస్తున్నారో, ఎవరు పందెం కాస్తున్నారో యాభైమందిలో ఒక్క టీచరు చూడలేరు. ఇంట్లో ఇద్దరు పిల్లల్ని మీరు చూడగలరు. అందుకే ఈ మనవి మీకు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మకు ఎనభై దాటాయి, మాతోనే ఉంటుంది. ఆమె కంటపడకుండా మూడు నెలలు డాబా మీద సాధన చేశాను. యాభై దాటినవాణ్ని, పిల్లవాడిలా దాక్కున్నాను. ఒకరోజు చొక్కా జేబులో కట్ట చూసేసింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "డబ్బులు పెడతావా?" అని అడిగింది. "లేదమ్మా" అని, ఒంటి చేత్తో కట్ చేసి చూపించాను. రెండు ముక్కలు కింద పడ్డాయి. "సరేలే. నా కళ్ళ ముందు మాత్రం టీపాయ్ మీద పెట్టకు" అంది. ఇప్పటికీ పెట్టను. ఆమె భయానికి కారణముంది, దాన్ని నేను గౌరవిస్తాను. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవాళ్ళుంటే పిల్లలకు ఆ కథ కూడా చెప్పండి. కట్ట ఇచ్చే ముందు చెప్పాల్సిన కథ అదే.

ఆ అబ్బాయి చెల్లెలి పుట్టినరోజు జనవరిలో అయిపోయింది. ఆట మధ్యలో ముక్కలు జారి కేకు మీద పడ్డాయట. చెల్లెలు అది కూడా మ్యాజిక్కే అనుకుని చప్పట్లు కొట్టిందట. మొన్న పీటీఎంకి వచ్చినప్పుడు వాళ్ళ నాన్నగారు ఈ మాట చెప్పి, కాస్త మొహమాటంగా కుడిచెయ్యి చాపి అడిగారు: "సార్, నాకూ ఈ ఉంగరపు వేలు లేవట్లేదు. ఏం చేయాలి?"

లేవదండీ, ఎవరికీ లేవదు. మెత్తగా పట్టుకోండి, చాలు.

— గణిత ఉపాధ్యాయుడు, హైస్కూల్ విభాగం

ఈ శీర్షికలోని అభిప్రాయాలు రచయితవి. మీ స్పందనను విద్యార్థి డైరీలోని పేరెంట్ రిమార్క్స్ పేజీలో రాసి పంపవచ్చు.